తల గట్లకుంటలో, కాళ్లు మొర్రిపల్లెలో

పెళ్లినాడు పొద్దున్నే ఇంటి యజమాని చెవిలో ఎవరైనా ఏదైనా చెప్పారంటే అది మంచి కబురు కాదు. మంచి కబురైతే పదిమందీ వినేట్టు అరిచే చెబుతారు. అందుకే సుంకరి దశరథం పందిట్లో జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, రుమాలు చంకలో పెట్టుకుని, చెవి దగ్గరికి వంగగానే పెళ్లికూతురి తండ్రి కొండల్‌రావుకు సంగతి అర్థమైపోయింది.

"పటేలా, శివారుల పీనుగున్నది."

"ఎవ్వలది?"

"ఎర్కలేదు. మనూరోడైతే కాదు. హద్దురాయి కాడ గొంగడి నిండ కప్పుకొని పన్నడు. పిల్చిన, పలుకలే. కాళ్లు జూస్తే కట్టెలోలె ఉన్నయి. మా తమ్మున్ని కావలి పెట్టొచ్చిన."

కొండల్‌రావు చేతిలోని అక్షింతల పళ్లెం పక్కవాడి చేతిలో పెట్టి, అక్కడే ఉన్న బల్ల మీద కూలబడ్డాడు. ఆయన మొర్రిపల్లెకు పోలీసు పటేలు. మూడు తరాలుగా ఆ పని వాళ్ల ఇంట్లోనే ఉంది.

ఆ రోజుల్లో కరీంనగర్ జిల్లాలో ఊరికి ముగ్గురు పెద్దలు. శిస్తు వసూలుకు మాలీ పటేలు, లెక్కలకు పట్వారీ, తక్కిన పీడలన్నిటికీ పోలీసు పటేలు. ఊళ్లో చావుపుట్టుకలు ఠాణాకు తెలపాలి. కొత్త మొహం కనిపిస్తే ఎవరు, ఎక్కడినుంచి అని అడగాలి. పశువు పోతే జాడ పట్టాలి. కొట్లాట జరిగితే ఇద్దర్నీ చెరో అరుగు మీద కూర్చోబెట్టి, జమాదారు వచ్చేదాకా మళ్లీ కలబడకుండా చూడాలి. ఇన్ని పనులకూ ఆయన చేతికింద ఉన్న బలగం ఒక్క ఊరి కావలిమనిషి, సుంకరి దశరథం, దశరథం చేతిలో ఒక కర్ర. సర్కారు అంతకుమించి ఇవ్వలేదు, పటేలూ అడగలేదు. అడిగితే ఆ కర్ర కూడా పోతుందని భయం.

శివారులో దిక్కులేని పీనుగ కనిపించిందంటే మాత్రం పటేలుకు తిప్పలే. ఎస్సై వచ్చి పంచనామా రాసేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరాదు, పటేలు కావలి ఉండాలి. ఇది సర్కారు పెట్టిన కట్టుబాటు. దీనికి తోడు మొర్రిపల్లె పెట్టిన కట్టుబాటు ఇంకొకటి ఉంది. పీనుగ లేచేదాకా పోలీసు పటేలు ఇంట్లో పొయ్యి అంటించరాదు. కొండల్‌రావు తాత ఒకసారి ఇట్లాంటి పీనుగను బయట పెట్టుకుని కడుపునిండా తిన్నాడట, వారం తిరక్కముందే పెద్దకొడుకు పోయాడట. నిజమో కాదో ఎవరికీ తెలియదు గానీ, అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట దాటే ధైర్యం చేయలేదు.

పెరట్లో గాడిపొయ్యిలు తవ్వి కట్టెలు పేర్చి ఉన్నాయి. వంటవాళ్లు కొబ్బరాకులు పరిచి గుమ్మడికాయలు తరుగుతున్నారు. కూతురు నిర్మలకు మంగళస్నానం అయింది. మందమర్రి నుంచి పెళ్లివారి బస్సు పొద్దు నెత్తిమీదికొచ్చేసరికి దిగుతుంది. అబ్బాయి బొగ్గుబావుల ఆఫీసులో గుమస్తా, మెత్తని మనిషి. చిక్కంతా అబ్బాయి నాయనమ్మ రుక్మాబాయితోనే. అంతకుముందు కుదిరిన ఒక సంబంధాన్ని ఆవిడ వాకిట్లో పిల్లి ఎదురొచ్చిందని కాదనుకుంది. పిల్లికే అట్లా చేసిన మనిషి, ఆడపిల్లవారి శివారులో పీనుగుందంటే బస్సు దిగుతుందా?

భార్య జానకీబాయిని గది మూలకు పిలిచి కొండల్‌రావు సంగతి చెప్పాడు. ఆవిడ నోట్లో పసుపుకొమ్ము పెట్టుకున్నట్టు మొహం చేదుగా పెట్టింది.

"హద్దు మీద అంటున్రు గద. గట్లకుంట శివారుల ఉన్నదేమో. పోయి మంచిగ చూడుండ్రి. గాళ్లదైతే గాళ్లే కావలుంటరు."

ఆ మాటతో కొండల్‌రావుకు ప్రాణం లేచొచ్చింది. చెప్పులు కూడా సరిగా తొడక్కుండా బయల్దేరాడు.

హద్దురాయి ఎండిపోయిన వాగు గట్టు మీద ఉంటుంది. గట్టుకు ఇవతల మొర్రిపల్లె, అవతల గట్లకుంట. మాఘమాసపు చలిగాలి ఇంకా వదల్లేదు. నల్లగొంగడి కింద మనిషి గట్టుకు అడ్డంగా పడి ఉన్నాడు. దుమ్ము కొట్టుకుపోయిన పాదాలు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. పక్కన ఒక సద్దిమూట. కొండల్‌రావు అటు నడిచి చూశాడు, ఇటు నడిచి చూశాడు, కళ్లు చికిలించి చూశాడు. కాళ్లు మొర్రిపల్లెలో ఉన్నాయి. తల గట్లకుంటలో ఉంది. నడుము సరిగ్గా రాయి పక్కన.

అప్పటికే అవతల గట్లకుంట పోలీసు పటేలు దామోదర్‌రావు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కొండల్‌రావుకు మేనమామ కొడుకు, వరసకు బావ. బావాబామ్మర్దులిద్దరూ ఏళ్ల తరబడి మాట్లాడుకోవడం లేదు. దొంగలు తోలుకుపోయిన ఒక బర్రె జాడలు ఈ గట్టు దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. జాడ ఏ ఊళ్లోకి పోతే ఆ ఊరి పటేలే వెతికి ఇవ్వాలని కట్టుబాటు. మీ ఊళ్లోకి పోయిందంటే మీ ఊళ్లోకి పోయిందని ఇద్దరూ గొంతులు పోయేదాకా అరుచుకున్నారు. బర్రె దొరకలేదు, బాంధవ్యమూ పోయింది. దామోదర్‌రావుకు ఈ పెళ్లి పిలుపు కూడా పోలేదు.

మాటలు లేవు గనక ఇద్దరూ సుంకరుల ద్వారానే మాట్లాడుకున్నారు.

"దశరథం, గాయనకు చెప్పు. తల ఏ ఊర్లె ఉంటే పీనుగ గా ఊరిదేనని చెప్పు. బొట్టు పెట్టేది తలకు, కాళ్లకు గాదు."

అటువైపు సుంకరికి ఆ మాట చేరకముందే దామోదర్‌రావు అందుకున్నాడు. వినపడనట్టు నటించడానికి దూరం సరిపోలేదు.

"మనిషి నడిచొచ్చేది కాళ్లతోటి. కాళ్లు గాయన ఊర్లె ఉన్నయి. గా ఊర్లెనుంచి వచ్చి గీడ పన్నడు. గాల్లదే బాధ్యతని చెప్పురా."

"గట్ల కాదని చెప్పు. ఊపిరి పోయేది ముక్కుల నుంచి. ముక్కు గాయన శివారుల ఉన్నది."

"ఊపిరెప్పుడు పోయిందో గాయనకెట్ల ఎర్క? పోయినంక పన్నడా, పన్నంక పోయిండా?"

ఈ తర్కం ఎటు పోయేదో గానీ, కొండల్‌రావు గట్టుకు రాగానే కావలి దించి సైకిలు మీద ఠాణాకు పంపిన దశరథం తమ్ముడు రొప్పుకుంటూ తిరిగొచ్చాడు. ఎస్సై జాతర బందోబస్తుకు పోయాడట, పొద్దుగూకేవేళకు గానీ రాడట. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దని జమాదారు గట్టిగా చెప్పి పంపాడట.

పొద్దుగూకేవేళకు! కొండల్‌రావు వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాడు. అప్పటికి పెళ్లివారు వచ్చి, పొయ్యి అంటించని పెరడు చూసి, విషయం ఆరా తీసి, రుక్మాబాయి బస్సెక్కి సగం దారి వెళ్లిపోయి ఉంటుంది. నిర్మల పీటల మీద కూర్చోకుండానే పందిరి విప్పాల్సి వస్తుంది. ఊళ్లో ఇక ఆ పిల్లను "పీనుగ పెండ్లి పిల్ల" అని పిలుస్తారు. మొర్రిపల్లె నోళ్ల సంగతి ఆయనకు బాగా తెలుసు. తానూ ఆ ఊరివాడే కదా, ఎంతమందికి పేర్లు పెట్టలేదు!

వెనకే వచ్చిన బామ్మర్ది, జానకీబాయి తమ్ముడు శ్రీధర్‌రావు ఆయన భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు. తగ్గించినా గట్టంతా వినిపించింది. దామోదర్‌రావు మాత్రం అప్పుడే చుట్ట వెలిగించుకోవడానికి తుమ్మచెట్టు చాటుకు పోయాడు.

"బావా, ఏం పరేషాన్ గాకు. గొంగడి కొస పట్టుకొని జరంత అటు గుంజితె అయిపాయె. కాళ్లు సుత గాల్ల ఊర్లెకే పోతయి. ఎవ్వలు చూసిన్రు? ఇగ ఇంటికి పోయి పొయ్యి అంటిద్దాం."

కొండల్‌రావు చుట్టూ చూశాడు. దశరథం వాగులోని ఇసుకను చూస్తున్నాడు, దశరథం తమ్ముడు ఆకాశాన్ని చూస్తున్నాడు. చూడకపోవడం అంటే ఏమిటో వాళ్లకు బాగా తెలుసు. కొండల్‌రావు పీనుగ మీదికి వంగాడు. గొంగడి కొస చేతికి అందేంత దగ్గరికి చెయ్యి పోయింది.

ఆ చెయ్యి అక్కడే ఆగింది. చిన్నప్పుడు తండ్రి వెంట ఇట్లాంటి కావలికి వచ్చినప్పుడు ఆయన చెప్పిన మాట అడ్డం పడింది. పీనుగ అబద్ధమాడదు బిడ్డా, మనం దానితోటి ఆడియ్యద్దు. ఆ తండ్రి తన పటేలుగిరిలో ఒక్క పీనుగనూ జరపలేదు. కొండల్‌రావు కూడా జరపలేదు. ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడం ఆయనకు ఇష్టం, నిజం చెప్పాలంటే కాస్త ఎక్కువే ఇష్టం.

"నాతోటి గాదు" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

శ్రీధర్‌రావు నుదురు కొట్టుకుని, అక్కకు ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ ఊరిదారి పట్టాడు. పొద్దు పైకెక్కింది. కొండల్‌రావు గట్టు మీద కూలబడ్డాడు. కడుపులో ఉదయం నుంచి ఏమీ లేదు, కంటికి నీళ్లొచ్చాయి. ఎవరూ వినడం లేదనుకుని పీనుగతోనే మొరపెట్టుకున్నాడు.

"అయ్యా, ఎవ్వలవో గని, నీకు నేనేం పాపం జేసిన? ఇంకో నాలుగడుగులు ఏస్తే నీ సొమ్మేం పోతుండె? నాకు ఒక్కతే బిడ్డ. ఇయ్యాల దాని లగ్గం. నీ కాళ్లు మొక్కుత, జర లేవరాదయ్యా!"

గొంగడి కదిలింది.

ముందు గాలికనుకున్నాడు. తర్వాత గొంగడి కింది నుంచి చాలా నీరసంగా, చాలా మర్యాదగా ఒక గొంతు వచ్చింది.

"లేస్త దొరా. జర మంచినీళ్లు పోయిండ్రి."

తర్వాత ఏం జరిగిందో అక్కడున్నవాళ్లు తలా ఒక రకంగా చెబుతారు. దశరథం కర్ర పారేసి పరుగెత్తిన మాట మాత్రం అందరూ ఒప్పుకుంటారు, దశరథం తప్ప. గట్లకుంట సుంకరి వాగులో పడి ఇసుక మింగాడు. తుమ్మచెట్టు చాటునుంచి వచ్చిన దామోదర్‌రావు గొడుగు విసిరేసి, దగ్గర్లో ఉన్న మనిషిని గట్టిగా వాటేసుకున్నాడు. ఆ మనిషి కొండల్‌రావు. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని, కళ్లు మూసుకుని, చిన్నప్పుడు కొండల్‌రావు అమ్మమ్మ నేర్పిన ఆంజనేయ దండకం సగం సగం చదివారు.

ముందుగా కళ్లు తెరిచింది కొండల్‌రావు. గొంగడిలోంచి నడివయసు మనిషి మోచేతి మీద లేచి కూర్చోవడానికి తంటాలు పడుతున్నాడు. పెదాలు ఎండి పగిలాయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. దయ్యాలకు అంత వణుకు ఉండదని కొండల్‌రావుకు అప్పుడు తట్టింది.

"బావా, బతికున్నడే!" అన్నాడు.

"బతికే ఉన్నడు!" అన్నాడు దామోదర్‌రావు.

చలిజ్వరంతో కాలిపోతున్న మనిషి. పేరు లక్ష్మీరాజం, సిరిసిల్ల దిక్కు మరమగ్గాల సాంచాల మీద పని. చెల్లెలి ఊరికి పోతూ రాత్రి బస్సు దిగి అడ్డదారిన నడిచి, తెల్లారేముందు చలి పుట్టి ఇక్కడ పడిపోయాడు. అప్పటినుంచి ఒకసారి తెలివి వస్తూ, ఒకసారి పోతూ ఉన్నాడు. పొద్దుటి నుంచి ఇద్దరు పటేళ్లు, ఇద్దరు సుంకరులు, ఒక బామ్మర్ది, ఇంతమంది ఆ మనిషి చుట్టూ తిరిగారు. తలెక్కడ, కాళ్లెక్కడ అని చూశారు, ముక్కు ఏ ఊళ్లో ఉందో కూడా తేల్చారు. ఆ ముక్కులో ఊపిరి ఆడుతోందా అని ఒక్కడూ చూడలేదు. ఎట్లా చూస్తారు? ముట్టుకోరాదు కదా!

దామోదర్‌రావు తన మరచెంబు తెచ్చి నీళ్లు తాగించాడు. కొండల్‌రావు ఆ మనిషి వీపుకు ఆసరా ఇచ్చి కూర్చున్నాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. బతికున్న మనిషి, దేవుడా, బతికున్న మనిషి! పెళ్లి నిలబడిందన్న సంతోషమూ, ఒక ప్రాణం నిలబడిందన్న సంతోషమూ కలిసిపోయి ఏది ఎంతో ఆయనకే తెలియలేదు.

"మా ఇంటికి తోల్కపోత. తల మా ఊర్లెనే ఉన్నది గద" అన్నాడు దామోదర్‌రావు.

"ఏం మాట్లాడుతున్నవ్ బావా! నడిచొచ్చేది కాళ్లతోటి అని నువ్వే అంటివి. కాళ్లు మావి. మా ఇంటికే" అన్నాడు కొండల్‌రావు. అని, ఒక్క క్షణం ఆగి, "నువ్వు సుత రా. బిడ్డ లగ్గానికి మేనమామ వరసోడు లేకుంటే ఎట్ల?" అన్నాడు.

దామోదర్‌రావు గొడుగు ఏరుకుని దుమ్ము దులిపాడు. "పిలుస్తవని ఎదురుచూసిన" అన్నాడు.

మెల్లగా తిరిగొచ్చిన సుంకరులిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. పటేళ్లు నేరుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టి అప్పటికే చాలాసేపయింది.

లక్ష్మీరాజాన్ని నులకమంచం మీద మోసుకుని ఊళ్లోకి వచ్చేసరికి ఎవరో ముందే పరుగెత్తి కబురు చేశారు. ఈసారి చెవిలో కాదు, కేకలు పెట్టి మరీ. పెరట్లో గాడిపొయ్యిలు ఒక్కసారిగా అంటుకున్నాయి. జానకీబాయి పొగలో కళ్లు తుడుచుకుంటూ వంటవాళ్లను తొందరపెట్టింది, మధ్యమధ్య వచ్చి లక్ష్మీరాజం నోట్లో జొన్నజావ పోసింది. వైద్యుడు వచ్చి మాత్రలు మింగించాడు. కొత్త గొంగడి కప్పి పందిట్లో ఒక మూల పడుకోబెట్టారు. పెళ్లివారి బస్సు ఆలస్యంగా వచ్చింది. దార్లో టైరు పంక్చరైందట. కొండల్‌రావు తన జీవితంలో ఇంకెప్పుడూ టైరు పంక్చరును అంతగా దీవించి ఉండడు.

రుక్మాబాయి బస్సు దిగుతూనే మూలనున్న మంచం వైపు చూసి "గాయనెవ్వలు?" అంది. జానకీబాయి తడుముకోకుండా జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ముసలావిడ అంతా విని, ముక్కుపుడక సర్దుకుని, "చచ్చిన మనిషి లేచొచ్చిన ఇల్లు! గింతకంటె మంచి శకునం యాడ దొరుకుతది?" అంటూ కుడికాలు ముందుపెట్టి లోపలికి నడిచింది. కొండల్‌రావుకు ఆవిడ కాళ్లకు మొక్కాలనిపించింది, మొక్కాడు కూడా.

పొద్దుగూకేవేళ, తలంబ్రాలు అయ్యాక, ఎస్సై జీపు దిగాడు. జాతర దుమ్ము కొట్టుకుపోయి, ఆకలితో, విసుగుతో ఉన్నాడు. బూట్లు విప్పడానికి లక్ష్మీరాజం మంచం పట్టె మీద కూర్చుని అడిగాడు.

"పటేల్ సాబ్, పీనుగేది?"

"చాయ్ తాగుతున్నది సారూ" అన్నాడు దశరథం. "మీ ఎన్కనే."

ఎస్సై వెనక్కి తిరిగి చూశాడు. లక్ష్మీరాజం సాసరు కింద పెట్టి దండం పెట్టాడు. ఎస్సై సంగతంతా విని కోప్పడదామనుకున్నాడు గానీ, అంతలో విస్తరి వచ్చింది, విస్తట్లో బూరెలు వచ్చాయి. బూరెలు తింటూ ఎవరు మాత్రం కోప్పడగలరు?

మర్నాడు లక్ష్మీరాజం లేచి తిరిగాడు. చెల్లెలి ఊరిదాకా దింపి రమ్మని కొండల్‌రావు కచ్చడం బండి కట్టించాడు. బండిలో గడ్డి పరిపించి, దుప్పటి వేయించి, దారిలో తినడానికి బూరెలు కట్టించాడు. నిన్నటినుంచి ఒక మాట అడగాలని ఆయన చూస్తున్నాడు. అందరూ పక్కకు తప్పుకున్నాక మెల్లగా అన్నాడు.

"లక్ష్మీరాజం, నిన్న మేం మాట్లాడిన మాటలు నీకేమన్న వినపడ్డయా?"

"కొన్ని వినపడ్డయి దొరా. కాళ్లని, ముక్కని" అన్నాడు లక్ష్మీరాజం. నవ్వబోయి ఆగాడు. "మీ బామ్మర్ది గుంజుమన్నది సుత వినపడ్డది."

కొండల్‌రావు మొహం ఎత్తి, కాస్త గర్వంగానే అన్నాడు. "నేను గుంజలే. మా ఇంట్ల గట్ల చెయ్యం. పీనుగకు సుత అన్యాయం జెయ్యం."

"అవును, గుంజలే" అన్నాడు లక్ష్మీరాజం. గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "మీరు వంగితే మీ నీడ నా మీద పడ్డది. నోరు లేస్తలేదు గని తెలివున్నది. గుంజుండ్రి దొరా, గుంజుండ్రి అని లోపటనే మొత్తుకున్న. గుంజితె సెయ్యి తగుల్తది, ఒళ్లు కాలుతున్నదని తెలుస్తది, బతుకుత అనుకున్న. మీరు మంచితనానికి పోయి సెయ్యి ఎన్కకు తీసుకున్నరు. ఇగ అయిపాయె నా పని అనుకున్న."

తండ్రి మాట, తాత భయం, తాను ఒక్క పీనుగనూ జరపలేదన్న గొప్ప, అన్నీ కలిసి నిన్న ఒక మనిషిని చంపబోయాయి. ఒక్క తప్పుడు పని చేసి ఉంటే ఆ మనిషి పొద్దుటే బతికి బయటపడేవాడు. కొండల్‌రావు సిగ్గుతో బండిలోని గడ్డిని ఊరికే సర్దాడు.

లక్ష్మీరాజమే ఆయన చెయ్యి పట్టుకుని కుదిపాడు. "ఏం ఫికర్ జెయ్యకుండ్రి దొరా. లేవరాదయ్యా అని మీరు ఏడ్సిన్రు సూడు, గప్పుడు నాకు లేవబుద్ధయింది. నాకోసం గట్ల ఏడ్సినోల్లు ఎవ్వలు లేరు."

"నీకోసం గాదయ్యా ఏడ్సింది, నా బిడ్డ పెండ్లి కోసం" అన్నాడు కొండల్‌రావు. ఇక దాచుకోవడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు.

"గది సుత ఎర్కే" అని లక్ష్మీరాజం ఈసారి హాయిగా నవ్వేశాడు. ఆ నవ్వు చూసి కొండల్‌రావుకూ నవ్వొచ్చింది.

బండివాడు ఎద్దులను అదిలించబోయాడు. "జర ఆగు" అన్నాడు కొండల్‌రావు. బండి చక్రం మీద కాలుపెట్టి పైకి వంగి, లక్ష్మీరాజం నుదుటి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అట్లాగే ఉంచాడు. నుదురు చల్లగా, కాస్త చెమటగా ఉంది.